దుకాణం అంటే ఏమిటి? – ఒక హార్డ్‌వేర్ షాపు, రెండు దస్తావేజులు

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"పింఛను మీద, రక్తపోటు మీద ఉపన్యాసాలు చాలా అయ్యాయి. మీరు రుణాల విభాగంలో పనిచేశారు గదా, మన పిల్లలకు పనికివచ్చే విషయం ఏదైనా చెప్పండి" అని కార్యదర్శిగారు కోరారు. చెప్పగలిగినది నాకు ఒకటే ఉన్నది. అది నేను సరిగ్గా చేసిన పని కాదు, సరిగ్గా చేయని పని. ఉద్యోగంలో ఉన్నంతకాలం ఎక్కడా చెప్పలేదు. ఇప్పుడు చెప్పడానికి కారణం వచ్చింది.

కిందటి సంవత్సరం ఒక యువకుడు మా ఇంటికి వచ్చాడు. యువకుడంటే నలభై దాటినవాడే. కృష్ణా డెల్టాలోని ఒక పట్టణంలో హార్డ్‌వేర్ షాపు నడుపుతున్నాడు. పక్క వీధిలో మరొక షాపు అమ్మకానికి వస్తే కొనదలచాడు. ఒక బ్యాంకు అప్పు ఇస్తానన్నది. "మా నాన్న చివరిదాకా ఒకే మాట చెబుతుండేవారండీ. ఎప్పుడైనా కాగితాల మీద సంతకం పెట్టవలసి వస్తే ముందు మేనేజరు గారికి చూపించరా అనేవారు" అని రెండు కట్టలు నా ముందు పెట్టాడు. ఒకటి అమ్మకపు ఒప్పందం, రెండవది అప్పు పత్రాలు.

ఆ కాగితాలు చూసి నాకు నోట మాట రాలేదు. అమ్మకపు ఒప్పందంలో "హార్డ్‌వేర్ వ్యాపారము మరియు దానికి సంబంధించిన సమస్తము" అని ఉన్నది. అప్పు పత్రంలో "హార్డ్‌వేర్ సరుకు యావత్తు" అని ఉన్నది. ముప్పయ్యేళ్ళకు పూర్వం ఆ అబ్బాయి తండ్రి అప్పు పత్రంలో నేను నా చేతితో రాసిన మాటలు కూడా అవే. అప్పుడు నీలి సిరాతో రాశాను, ఇప్పుడు కంప్యూటరు కొట్టింది, అంతే తేడా.

ఆ తండ్రి కథ మీకు మనవి చేస్తాను.

అది 1991. నేను ఆ పట్టణంలో శాఖ మేనేజరుగా చేరి ఏడాది అయింది. ఆయన ఆ బజారులోని ఒక హార్డ్‌వేర్ షాపులో పద్ధెనిమిదేళ్ళుగా గుమాస్తా. ఏ అరలో ఎంత సైజు మేకు ఉన్నదో కళ్ళు మూసుకొని తీయగలిగినవాడు. షాపు యజమానికి వయసు మీదపడింది, హైదరాబాదులో కొడుకు దగ్గరకు వెళ్ళిపోతానన్నాడు. గుమాస్తాగారు షాపు తానే కొంటానన్నారు. బేరం 2,40,000 రూపాయలకు కుదిరింది. భార్య నగలు, దాచుకున్న డబ్బు కలిపి 90,000 పోగుచేశారు. మిగిలిన 1,50,000 మా బ్యాంకు అప్పు.

దస్తావేజు లేఖరి స్టాంపు కాగితం మీద ఒకటిన్నర పేజీ రాశాడు. ఫలానా పట్టణంలో ఫలానా బజారులో నడుచుచున్న హార్డ్‌వేర్ వ్యాపారము సమస్తమూ ఇంత సొమ్ముకు అమ్మివేయడమైనది అని సారాంశం. నేను దానిని చదివాను. మంచి మనిషి, తెలిసిన వ్యాపారం, నమ్మకమైన చేయి అనుకున్నాను. హైపోథికేషన్ పత్రంలో సరుకు వివరాలు రాయవలసిన చోట నాలుగు అంగుళాల ఖాళీ ఉన్నది. అందులో "హార్డ్‌వేర్ సరుకు యావత్తు" అని రాసి సంతకం తీసుకున్నాను. ఆ రోజు నా టేబులు మీద ఇంకా పదకొండు ఫైళ్ళు ఉన్నాయి. అది సమాధానం కాదని నాకు తెలుసు.

మొదటి దెబ్బ రెండు నెలల్లో తగిలింది. షాపు సొరుగులో అరువు ఖాతా పుస్తకం ఉండేది. తాపీ మేస్త్రీలు, వడ్రంగులు, చిన్న కాంట్రాక్టర్లు కలిసి సుమారు 38,000 బాకీ. పుస్తకం తన సొరుగులో ఉన్నది కనుక బాకీలు కూడా తనవే అని ఈయన అనుకున్నారు. పాత యజమాని ఒక ఆదివారం వచ్చి, ఇంటింటికీ తిరిగి, చేతనైనంత వసూలు చేసుకొని వెళ్ళిపోయాడు. అడిగితే, "నేను షాపు అమ్మాను గాని నా బాకీలు అమ్మలేదే" అన్నాడు. న్యాయం మాట ఎలా ఉన్నా చట్టం మాట అంతే. సరుకుల విక్రయ చట్టం 1930లో వచ్చినది. అందులో "సరుకు" అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో రావలసిన బాకీలు చేరవు, డబ్బూ చేరదు. బాకీ వసూలు హక్కు బదిలీ కావాలంటే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం రాతపూర్వకమైన పత్రం ఉండి తీరాలి. పుస్తకం చేతులు మారితే బాకీ చేతులు మారదు.

దానికి తిరుగుడుగా విజయవాడ హోల్‌సేల్ వ్యాపారి దిగాడు. అమ్మకానికి ముందు పంపిన సరుకు తాలూకు 22,000 రావాలి అన్నాడు. అది పాత యజమాని చేసిన అప్పు. కానీ ఆ సరుకు ఈయన షాపులో ఉన్నది, రేపు మళ్ళీ అరువు ఇవ్వవలసినది ఆ వ్యాపారే. ఏం చేస్తారు? కట్టారు. రావలసినది రాలేదు, పోవలసినది మాత్రం పోయింది.

రెండవ దెబ్బ ఎనిమిదవ నెలలో. పాత యజమానికి హైదరాబాదు పడలేదు. తిరిగి వచ్చి, అదే బజారు చివర, అదే పేరుతో, ముందు "పాత" అనే మాట చేర్చి మరొక షాపు తెరిచాడు. పల్లెల నుంచి వచ్చే రైతులకు, మేస్త్రీలకు తెలిసినది ఆ పేరే. మన దస్తావేజులో పేరు ఊసు లేదు, గుడ్‌విల్ అనే మాట లేదు. పోటీ వ్యాపారం పెట్టనని ఆయన రాసి ఇవ్వలేదు. వ్యాపారం చేసుకోకుండా మనిషిని కట్టడి చేసే ఒప్పందం చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షను చెబుతుంది. అందుకు ఒక మినహాయింపు కూడా అక్కడే ఇచ్చింది. గుడ్‌విల్ అమ్మినవాడు, కొన్నవాడు ఆ వ్యాపారం చేస్తున్నంతకాలం, ఫలానా హద్దుల్లో అదే రకం వ్యాపారం చేయనని ఒప్పుకోవచ్చు. ఆ హద్దులు సమంజసంగా ఉండాలి. అంటే చట్టం తలుపు తెరిచే ఉంచింది. మనమే లోపలికి వెళ్ళలేదు. రెండు వాక్యాలు రాసి ఉంటే సరిపోయేది.

మూడవ దెబ్బ 1993 వేసవిలో. షాపు వెనక రేకుల షెడ్డులో రాత్రి కరెంటు తీగల వల్ల నిప్పు రాజుకున్నది. తెల్లవారేసరికి లక్షా పదివేల సరుకు బూడిద. ఇన్సూరెన్సు ఉన్నది గదా అని ధైర్యం చెప్పాను. పాలసీ మా బ్యాంకు ద్వారానే చేయించాము. సరుకు వివరం నేను అప్పు పత్రంలో రాసిన మాటల నుంచే ఎత్తి రాశారు. "షాపు గదిలోని హార్డ్‌వేర్ సరుకు" అని.

సర్వేయరు వచ్చి చూశాడు. మర్యాదస్తుడే, నోటి దురుసు లేనివాడు. "సార్, ఇనుము కాలదు గదండీ" అన్నాడు. మేకులు, బోల్టులు, గునపాలు, పారలు కాలలేదు. కాలినవి ఏమిటి? రంగు డబ్బాలు, వార్నిషు, టర్పెంటైను, థిన్నరు, నైలాను తాళ్ళు, ప్లాస్టిక్ పైపులు. వీటిలో ఏది హార్డ్‌వేర్ అని ఆయన ప్రశ్న. పైగా అవి ఉన్నది షాపు గదిలో కాదు, వెనక షెడ్డులో. థిన్నరు, టర్పెంటైను తొందరగా అంటుకొనే సరుకు. వాటిని చెప్పి, తగిన ప్రీమియం కట్టి ఉండవలసింది. అగ్నిప్రమాద పాలసీల్లో వివరం తప్పుగా ఇస్తే క్లెయిము నిలవదని షరతు ఉంటుంది. చివరికి వేడికీ నీళ్ళకూ పాడైన ఇనుప సామానుకు 17,000 మంజూరు అయింది. మిగిలిన 93,000 ఆయన నెత్తిన పడింది.

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు తేలికగా ఉండేది. "మీరు అడిగి ఉంటే వెనక షెడ్డు సంగతి చెప్పేవాణ్ణి సార్. అడగలేదు గనక అక్కర్లేదనుకున్నాను" అని మాత్రం అన్నారు. ఇంటి కోసం కొనుక్కున్న స్థలం అమ్మి, మా అప్పు 1998లో పైసాతో సహా తీర్చారు. మా శాఖ రికార్డులో అది మంచి ఖాతా. నా లెక్కలో కాదు.

మిత్రులారా, నాకు దీనివల్ల తెలిసినది ఇది. బజారులో దుకాణం అంటే ఏమిటో అందరికీ తెలుసు. బోర్డు, గది, అరలు, సరుకు, కల్లా దగ్గర మనిషి, వచ్చే ఖాతాదారులు అన్నీ కలిస్తే దుకాణం. కాగితం మీద దుకాణం అట్లా ఉండదు. కాగితం మీద రాసినదే దుకాణం. రాయనిది దుకాణంలో భాగం కాదు. తరువాత కోర్టుకు వెళ్ళి, "మా ఉద్దేశం అది కాదండీ, నోటితో వేరే అనుకున్నాము" అంటే, రాతపూర్వకమైన ఒప్పందానికి విరుద్ధంగా నోటిమాటల సాక్ష్యాన్ని సాధారణంగా ఒప్పుకోరు. ఇది 1872 నాటి సాక్ష్య చట్టంలో ఉన్న సూత్రం. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమం అమలులోకి వచ్చినా సూత్రం అదే.

ఇక "హార్డ్‌వేర్" అనే మాటనే చూడండి. మన చిన్నతనంలో ఇనుప కొట్టు అనేవారు. మేకులు, గొళ్ళేలు, గడియలు, తలుపు బందులు, తాళాలు, ముళ్ళతీగ, అంతే. తరువాత రంగులు చేరాయి, పైపులు చేరాయి, కుళాయిలు చేరాయి, కరెంటు సామాను చేరింది, ప్లైవుడ్ చేరింది, కొన్నిచోట్ల సిమెంటు, ఇనుప ఊచలు కూడా చేరాయి. బోర్డు మీద మాట మారలేదు, లోపలి సరుకు మారిపోయింది. పైగా ఈ రోజుల్లో హార్డ్‌వేర్ అంటే పిల్లలకు మొదట గుర్తుకు వచ్చేది కంప్యూటరు. నవ్వకండి. ఆ అబ్బాయి తెచ్చిన అప్పు పత్రాల్లో వ్యాపార వివరం అనే చోట "కంప్యూటర్ హార్డ్‌వేర్ మరియు అనుబంధ పరికరాలు" అని అచ్చయి ఉన్నది. కంప్యూటరు తెర మీద జాబితాలో ఎవరో ఒక గడి పైన నొక్కబోయి కింద నొక్కారు. మేకుల షాపు కంప్యూటర్ల షాపు అయి కూర్చున్నది. నష్టం జరిగిననాడు ఆ కాగితం చూసి సర్వేయరు ఏమంటాడో మీరే ఊహించండి.

"హార్డ్‌వేర్ మొదలగునవి" అని రాస్తే సరిపోదా అని అడగవచ్చు. మనం ఆఫీసుల్లో ఈ "మొదలగునవి" మీద బతికాము. కాంట్రాక్టుల్లో అది బలహీనమైన కర్ర. మేకులు, స్క్రూలు, బోల్టులు మొదలగునవి అని రాస్తే, ఆ మొదలగునవి కూడా అదే జాతి సరుకు అని అర్థం చెప్పే పద్ధతి న్యాయస్థానాల్లో చాలాకాలంగా ఉన్నది. మేకుల జాతిలో రంగు డబ్బాను ఇరికించడం కష్టం.

మరి ఎట్లా రాయాలి? ఇప్పుడు ఒక మంచి సాధనం వచ్చింది. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చిన తరువాత బిల్లుల మీద హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ అంకెలు చూస్తున్నాము గదా. ఇనుప మేకులు 7317, స్క్రూలు, బోల్టులు, నట్లు 7318. పారల వంటివి 8201, సుత్తుల వంటి చేతి పనిముట్లు 8205. తాళాలు 8301, తలుపు బందులు 8302. రంగులు 3208, 3209. థిన్నరు 3814. ప్లాస్టిక్ పైపులు 3917. సిమెంటు 2523. కంప్యూటరు 8471. ఒప్పందానికి జతచేసే షెడ్యూలులో సరుకు పేరుతోపాటు ఈ అంకె వేస్తే, ఇది హార్డ్‌వేరా కాదా అనే వాదనకే చోటు ఉండదు. కొనుగోలు బిల్లుల మీద ఆ అంకెలు సాధారణంగా దొరుకుతాయి.

అమ్మకపు ఒప్పందం సంగతి ముందు చెబుతాను. షాపు కొనేటప్పుడు దానిని ముక్కలుగా విడదీసి, ఒక్కొక్క ముక్క వస్తున్నదా రావడం లేదా అని రాసుకోవాలి.

మొదటిది సరుకు. హార్డ్‌వేర్ షాపులో వేల రకాలు ఉంటాయి. కొన్ని తూకం మీద, కొన్ని లెక్క మీద, కొన్ని కొలత మీద అమ్ముతారు. అమ్మేవాడు ఇచ్చిన మొత్తం అంకె నమ్మి సంతకం పెట్టకూడదు. స్వాధీనం తీసుకొనే రోజున ఇద్దరూ కూర్చుని తూచి, లెక్కించి రాసుకోవాలి. మా గుమాస్తాగారు పద్ధెనిమిదేళ్ళు అక్కడే ఉన్నారు కనుక లెక్క అక్కర్లేదనుకున్నాము. తీరా చూస్తే పైఅరల్లో 45,000 విలువ చూపించిన సరుకు తుప్పుపట్టిన మేకులు, ఎవరూ అడగని పాత రకం ఇత్తడి గడియలు. కొన్న ధర లేక ఈనాటి ధర, వీటిలో ఏది తక్కువైతే అది విలువ అని రాయాలి. ఎంతకాలంగా కదలని సరుకును వదిలివేయాలో కూడా రాయాలి.

రెండవది సామాను. అరలు, బల్లలు, తూకపు యంత్రం, సరుకు చేరవేసే బండి. రంగులు కలిపే యంత్రం ఉంటే అది షాపుదా, రంగుల కంపెనీ ఇచ్చినదా అని అడగాలి. అమ్మేవాడిది కానిదానిని అమ్మేవాడు అమ్మలేడు. తూకపు యంత్రానికి తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్నదా చూడాలి.

మూడవది రావలసిన బాకీలు. వస్తున్నాయంటే జాబితా, బదిలీ పత్రం, బాకీదారులకు నోటీసు ఉండాలి. ఫలానా తేదీలోగా డబ్బు ఇస్తానని గడువు లేని అరువు సరుకు మీద దావాకు సరుకు ఇచ్చిన రోజు నుంచి మూడు సంవత్సరాలు గడువు. ఆ మూడేళ్ళు దాటకముందే బాకీదారు బాకీ ఒప్పుకుంటూ సంతకం చేసి ఇస్తే గడువు మళ్ళీ మొదలవుతుంది. కాబట్టి జాబితాలో తేదీలు చూడకుండా విలువ కట్టవద్దు.

నాలుగవది ఇవ్వవలసిన బాకీలు. ఏ తేదీ వరకు అమ్మేవాడివి, ఏ తేదీ నుంచి కొనేవాడివి అని గీత గీయాలి. పన్నులు అందులో ముఖ్యం. వ్యాపారం బదిలీ అయినప్పుడు, బదిలీకి ముందు కాలపు జీఎస్టీ బకాయిలకు అమ్మినవాడూ కొన్నవాడూ ఇద్దరూ బాధ్యులేనని ఆ చట్టం 85వ సెక్షను చెబుతుంది. కనుక కొంత సొమ్ము అట్టేపెట్టుకొని, బకాయిలు లేవని తేలిన తరువాత ఇచ్చేట్లు రాసుకోవడం మేలు. పాత రిజిస్ట్రేషను కొన్నవాడికి రాదు, తన పేర కొత్తది తీసుకోవాలి. నడుస్తున్న వ్యాపారాన్ని యావత్తుగా బదిలీ చేయడానికి, సరుకును మాత్రమే అమ్మడానికి పన్ను విధానం వేరు. ఏ పద్ధతిలో కొంటున్నామో ఒప్పందంలోని మాటలే తేలుస్తాయి కనుక రాయకముందే ఆడిటరును అడగాలి.

ఐదవది పేరు, గుడ్‌విల్, పోటీ పెట్టననే మాట. ఈ రోజుల్లో పేరుతోపాటు ఫోను నంబరు కూడా చేరుతుంది. మేస్త్రీలు ఫోనులో బొమ్మ పంపి సరుకు తెప్పించుకుంటున్నారు. ఆ నంబరు పాత యజమాని జేబులో ఉంటే వ్యాపారంలో సగం ఆయన జేబులో ఉన్నట్లే. గోడ మీద డబ్బు చెల్లించే చదరపు గుర్తు ఎవరి ఖాతాకు పోతున్నదో కూడా మొదటి రోజే చూసుకోవాలి.

ఆరవది గది. గది అద్దెది అయితే యజమాని ఒప్పుదల రాతపూర్వకంగా ఉండాలి. వెనక షెడ్డు, మేడ మీద గోడౌను, వీధి అవతల అద్దె గది అన్నీ తలుపు నంబర్లతో సహా రాయాలి. కంపెనీల డీలరుషిప్పు కూడా అంతే. కంపెనీ ఒప్పుకుంటేనే వస్తుంది, అమ్మేవాడు ఇచ్చేది కాదు.

ఇంకొకటి. అమ్మేవాడు ఆ సరుకు మీద అంతకుముందే ఏ బ్యాంకులోనైనా అప్పు తీసుకున్నాడేమో తెలుసుకోవాలి. మన కాలంలో అది బజారులో చెవిన వేసుకొని తెలుసుకోవలసిన సంగతి. 2011లో సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీ వచ్చింది. రుసుము కట్టి అందులో వెతికించవచ్చు.

ఇక అప్పు పత్రం. ఇక్కడ మనవాళ్ళకు హైపోథికేషన్ అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు గాని పిల్లల కోసం చెబుతున్నాను. సరుకు షాపులోనే, యజమాని చేతిలోనే ఉంటుంది, దాని మీద హక్కు బ్యాంకుకు ఉంటుంది. 2002 నాటి సర్ఫేసీ చట్టం దీనిని నిర్వచిస్తూ ఇప్పుడు ఉన్న ఆస్తి మీదే కాక ముందు రాబోయే ఆస్తి మీద కూడా ఉండవచ్చునని చెప్పింది. షాపు సరుకు రోజూ మారుతుంది కనుక అది అవసరమే.

అప్పు పత్రంలో నిర్వచనం ఇరుకుగా ఉంటే ఒక కష్టం, వెడల్పుగా ఉంటే మరొక కష్టం. ఇరుకు ఎట్లాగో గుమాస్తాగారి కథలో చూశాము. అప్పు లెక్కలో కూడా అది దెబ్బతీస్తుంది. ఉదాహరణకు షాపులో 10 లక్షల సరుకు ఉన్నది, అందులో 3 లక్షలు సరుకు ఇచ్చినవాళ్ళకు బాకీ. మిగిలిన 7 లక్షల మీద 25 శాతం మార్జిను తీస్తే 5 లక్షల 25 వేల వరకు వాడుకోవచ్చు. అదే 10 లక్షల్లో 4 లక్షలు రంగులు, పైపులు అయి, అవి నిర్వచనంలో లేవని తనిఖీ అధికారి తీసివేస్తే మిగిలేది 6 లక్షలు. బాకీ పోగా 3, మార్జిను పోగా 2 లక్షల 25 వేలు. సరుకు అదే, షాపు అదే, ఒక్క మాటతో మూడు లక్షలు మాయం. పైగా హార్డ్‌వేర్‌కు ఇచ్చిన డబ్బు సిమెంటుకు మళ్ళించారని మాట కూడా పడవలసి వస్తుంది.

వెడల్పు సంగతి. "ఎక్కడ ఉన్నదైనా, ఏ విధమైనదైనా, ఇప్పుడు ఉన్నదీ ఇక ముందు రాబోయేదీ, అప్పు తీసుకున్నవారి చరాస్తి యావత్తు" అని కొన్ని అచ్చు ఫారాల్లో ఉంటుంది. ఒక్కరి పేర నడిచే వ్యాపారానికీ ఆ మనిషికీ చట్టం దృష్టిలో వేరు లేదు. అదే మనిషి రేపు భార్యతో కలిసి మరొక చోట వేరే వ్యాపారం పెడితే దాని సరుకు కూడా ఈ వలలో పడుతుందా అనే తగాదా వస్తుంది. అందుకని ఫలానా తలుపు నంబర్లలో, ఫలానా పేరుతో నడిచే వ్యాపారపు సరుకు, బాకీలు అని హద్దు రాయించుకోవాలి. కొత్త రకం సరుకు పెట్టినప్పుడు, గోడౌను మారినప్పుడు బ్యాంకుకు ఉత్తరం ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకొని దాచుకోవాలి. బ్యాంకులో పనిచేసినవాళ్ళం, ఆ ముద్ర విలువ మనకు తెలియనిది కాదు.

మనకు ఎక్కువగా తగిలేది మరొకటి ఉన్నది. అదే హామీ సంతకం. అల్లుడు అడుగుతాడు, మేనల్లుడు అడుగుతాడు. "మామయ్యా, ఊరికే ఒక సంతకం" అంటారు. ఊరికే సంతకం అనేది లేదు. అప్పు తీసుకున్నవాడి బాధ్యత ఎంతో హామీదారుది అంత. వ్యాపారం రూపు మారినా, అప్పు షరతులు మారినా హామీదారుకు చట్టం కొన్ని రక్షణలు ఇచ్చింది గాని, అచ్చు ఫారాల్లో ఆ రక్షణలు వదులుకుంటున్నట్లు ముందే రాసి ఉంటుంది. ఏ వ్యాపారానికి, ఎంతవరకు, ఎంతకాలం అనే మూడూ చదవకుండా సంతకం పెట్టవద్దు. ఎడతెగని హామీని ఇక ముందు లావాదేవీలకు వర్తించకుండా నోటీసు ఇచ్చి ఆపవచ్చునని కాంట్రాక్టు చట్టం 130వ సెక్షను చెబుతుంది. ఆపిననాటికి ఉన్న బాకీ మాత్రం మీదే.

చివరగా ఇన్సూరెన్సు. అమ్మకపు ఒప్పందంలో ఉన్న వివరం, అప్పు పత్రంలో ఉన్న వివరం, పాలసీలో ఉన్న వివరం మూడూ ఒకటిగా ఉండాలి. మూడు కాగితాలూ ఒకచోట పరుచుకొని, మాటకు మాట, తలుపు నంబరుకు తలుపు నంబరు సరిచూసుకోవాలి. అరగంట పని.

ఆ అరగంట ఆనాడు నేను ఖర్చుపెట్టలేదు. కిందటి సంవత్సరం ఆ అబ్బాయితో కూర్చుని మూడు సాయంత్రాలు ఖర్చుపెట్టాను. షెడ్యూలు పదకొండు పేజీలు వచ్చింది. అమ్మేవాడు, "ఇంత నమ్మకం లేకపోతే ఎట్లాగండీ" అని నొచ్చుకున్నాడు. "నమ్మకం లేక కాదండీ, నమ్మకం పాడుకాకుండా ఉండటానికి" అని చెప్పాను. బాకీల జాబితా రాసేటప్పుడు ఇద్దరి లెక్కల్లో 60,000 తేడా కనిపించింది. ఇద్దరూ మంచివాళ్ళే, ఇద్దరూ నిజమే అనుకుంటున్నారు. సంతకాలకు ముందు కనిపించింది కనుక కాఫీ తాగుతూ తేల్చుకున్నారు. తరువాత కనిపించి ఉంటే కోర్టు వరండాలో తేల్చుకోవలసి వచ్చేది. బ్యాంకులోని కుర్ర అధికారి కంప్యూటర్ హార్డ్‌వేర్ మాట దిద్ది కొత్త కాగితాలు తీసి ఇచ్చాడు. పాపం, అతని టేబులు మీద కూడా ఫైళ్ళు చాలానే ఉన్నాయట. అతణ్ణి ఏమనడానికి నాకు నోరు రాలేదు.

అంతా అయ్యాక ఆ అబ్బాయి, "మా నాన్న మీ మీద ఎప్పుడూ కోపం పెట్టుకోలేదండీ" అన్నాడు. ఆ మాట నేను అడగలేదు. అతనికి ఎట్లా తెలిసిందో తెలియదు.

మన ఇళ్ళల్లో మేనేజర్లు, అకౌంటెంట్లు, క్యాషియర్లు ఇంతమంది ఖాళీగా ఉన్నాము. పక్కింటి పిల్లవాడు షాపు పెడుతుంటే, ఆ కాగితాలు ఒకసారి ఇటు తీసుకురా నాయనా అని పిలిచి కూర్చోబెట్టండి. వకీలు చేసే పని వకీలుదే, ఆడిటరుది ఆడిటరుదే. కానీ వెనక షెడ్డు ఉన్నదా అని అడగడానికి డిగ్రీ అక్కర్లేదు. ఆ ఒక్క ప్రశ్న అడగండి.